నీలం దారంతో కుట్టిన పన్నెండు బస్తాలు

మార్చి 9, 2004, మంగళవారం

నిన్నటి వానకి కల్లాలన్నీ తడిశాయి. ఆ భయంతో ఇవాళ రైతులంతా ఒక్కసారే మా కోల్డ్ స్టోరేజీ మీద పడ్డారు. చిలకలూరిపేట రోడ్డు మీద అర మైలు పొడవున మిర్చి ట్రాక్టర్లే. పొద్దున ఏడింటికి గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి, మళ్ళీ కూర్చున్నది దీపాలు పెట్టేవేళకే. మీరా హుస్సేన్ చీటీ రాసి బస్తా మీద నంబరు వేస్తాడు. కాయ ఎండిందా లేదా, లోపలికి పంపాలా వెనక్కి పంపాలా అన్నది మాత్రం నాదే, ఈ యలమంద నోటి మాటే. ఓనరు నాగేంద్రబాబు కూడా దాన్ని కాదనడు. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస.

పని రానివాళ్ళు కాయని పిసికి చూసి ఎండింది అనేస్తారు. ఒక పూట ఎండ తగిలితే పైతోలు పెళపెళలాడుతుంది, లోపల గింజ పచ్చిగానే ఉంటుంది. గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించాలి. గలగలమంటే ఎండినట్టు. చప్పుడు రాకపోతే ఎంత ఎర్రగా మెరిసినా వెనక్కే. ఈమధ్య నేను చెవి దాకా తీసుకెళ్ళకుండానే చెప్పేస్తున్నాను. గింజ ఆడితే వేళ్ళకే తెలిసిపోతుంది. అనుభవం అంటే అదే మరి.

ఆఖరి ట్రాక్టరు ఆదాంది. మూడెకరాలు కౌలుకి చేస్తాడు, నిక్కచ్చి మనిషి. అప్పటికి సందె చీకటి పడుతోంది. గేటు బల్బు వోల్టేజి లేక మినుకుమినుకుమంటోంది. పై వరసలో నాలుగు బస్తాలు చూశాను, బంగారం లాంటి సరుకు. ఆదాం ఏదో చెప్పాడు, వాన గురించే అయ్యుంటుంది. ఇవాళ పొద్దుటినుంచీ అందరూ చెప్పింది అదే గదా. సరే సరే అని తలూపాను. నలభై బస్తాలూ లోపలికి పంపేసి ఇంటికొచ్చాను.

మార్చి 10

ఒళ్ళు నొప్పులు. మా ఆవిడ వెంకటరావమ్మ మిరియాల చారు పెట్టింది.

మార్చి 21, ఉగాది

పండగపూట చెప్పుల స్టాండు తట్టుకుని పడ్డాను. ఎప్పుడూ ఉండే చోటు నుంచి జరిపితే ఎవరైనా పడతారు. జరపలేదంటుంది వెంకటరావమ్మ. జరపకపోతే నా కాలికి ఎట్లా తగిలింది?

సాయంత్రం అరుగు మీద కూర్చున్నాం. కొన్నాళ్ళుగా సాయంత్రాలు ఆవిడ మాటలు బాగా తగ్గించింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇంత ప్రశాంతత ఎరగను. వయసుతో బుద్ధి రావడం ఒక్క మగవాళ్ళకే అనుకునేవాణ్ణి.

మార్చి 30

మీరా హుస్సేన్‌కి గొణిగే అలవాటు ఎక్కువైంది. గట్టిగా మాట్లాడరా అంటే, అరుస్తున్నానండీ అన్నాడు. వాడు కూడా పాడైపోయాడు.

ఏప్రిల్ 4, ఆదివారం

మంగళగిరి కొండకి మొక్కు ఉందని తీసుకెళ్ళింది మా ఆవిడ. పానకాలస్వామికి పానకం పోయించి కిందికి దిగాక, తిన్నగా తీసుకెళ్ళి ఉచిత వైద్య శిబిరం క్యూలో నిలబెట్టింది. ఆవిడ తెలివికి దేవుడు కూడా సాయం.

కళ్ళ డాక్టరు, ఎదురుగా బానే కనపడుతోంది, పక్కచూపు తగ్గింది, వెలుతురు తగ్గితే ఇంకా తగ్గుతుంది అన్నాడు. చీకట్లో జాగ్రత్తగా వింటూ నడవమన్నాడు. చెవుల డాక్టరు, ఇదివరకు ఏం పని చేశారు అని అడిగాడు. పేటలో పత్తి జిన్నింగు మిల్లులో పందొమ్మిదేళ్ళు అన్నాను. ఆ మిషన్ల హోరేనట. ఎదుటి మనిషి మొహం చూస్తూ వినండి, సరిపోతుంది అన్నాడు.

ఇద్దరూ లోపం మధ్యరకం అనే రాశారు. మధ్యరకమూ మధ్యరకమూ కలిస్తే మధ్యరకమే గదా. అంత దూరం ఎర్రటెండలో తీసుకెళ్ళినందుకు బస్సులో వెంకటరావమ్మని బాగానే తిట్టాను.

ఏప్రిల్ 15

మధ్యాహ్నం అన్నం తిని లేచేసరికి గుంటూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు షిరీన్. శిబిరం పెట్టినవాళ్ళ మనిషట, అక్కడ నా కాగితం చూసి వచ్చింది. చూపూ వినికిడీ రెండూ తగ్గినవాళ్ళకి రోజు ఎలా గడుస్తుందో కొలుస్తారట వీళ్ళు.

"జ్వరాన్ని కొలుస్తారు, బస్తాని తూస్తారు. రోజుని ఎట్లా కొలుస్తావమ్మా?" అన్నాను.

"ప్రశ్నలడిగి కొలుస్తామండీ. అసలు ఇబ్బంది లేకపోతే సున్నా. ఎప్పుడో ఒకసారి అయితే ఒకటి. ఎప్పుడూ ఇబ్బందే అయితే నాలుగు. నలభై ప్రశ్నలు."

వరండాలో ఎదురెదురుగా కూర్చున్నాం. కంచంలో కూర ఏదో తెలుస్తుందా, రోడ్డు దాటేటప్పుడు లారీ వస్తే తెలుస్తుందా, మనిషి దగ్గరకొచ్చేదాకా ఎవరో పోల్చుకోలేకపోతారా, పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశారా. ఇట్లాంటివన్నీ. టకటకా చెప్పాను. ఒకచోట మాత్రం చిరాకు పుట్టింది.

"ఎదుటివాళ్ళు చెప్పింది అందకపోయినా అందినట్టు తలూపుతారా?"

"సున్నా" అన్నాను. వెంకటరావమ్మ గుమ్మంలో నిలబడి నా వంకే చూస్తోంది. మంచినీళ్ళు తెమ్మన్నాను.

మొత్తానికి నూటఅరవైలో పదకొండు వచ్చాయి. ఎంత తక్కువొస్తే అంత గొప్ప. ఆ అమ్మాయి కాగితం అడుగున ‘మధ్యాహ్నం ఒంటిగంట, వరండా, వెలుతురు బాగుంది’ అని రాసుకుంది. అదెందుకు అన్నాను. ఇంకోసారి సాయంత్రం వస్తానండీ అంది. సాయంత్రమొస్తే నేనేమన్నా మారిపోతానా?

మే 18, మంగళవారం

మూడో గదిలోకి అడుగుపెట్టగానే ముక్కిన వాసన. ముందు పట్టింది నేనే. నా ముక్కుకి ఎవరూ మార్కులు వెయ్యలేదు.

పన్నెండు బస్తాల్లో కాయంతా బూజు పట్టి నల్లబడింది. చుట్టూ ఉన్న వేరేవాళ్ళ బస్తాలకి కూడా ఎగబాకింది. ఆ పన్నెండూ ఆదాంవి. అన్నిటికీ మూతి నీలం దారంతో కుట్టి ఉంది. అతనివే మిగతా ఇరవై ఎనిమిదీ మామూలు పురికొసతో కుట్టినవి, వాటిల్లో కాయ శుభ్రంగా ఉంది.

"చూశావా బాబాయ్?" అన్నాడు నాగేంద్రబాబు. "తూకం పెరగాలని నీళ్ళు చల్లాడు. ఏవి చల్లినవో తెలియాలని గుర్తు కూడా పెట్టుకున్నాడు."

ఆదాంకి కబురు పెడితే గంటలో వచ్చాడు. బస్తాలు చూసి గోడకి ఆనుకుని నిలబడిపోయాడు.

"నీళ్ళు చల్లానా? వానకి తడిసినయ్యండీ అవి. ఒక పూట ఎండబెట్టినా నాకే నమ్మకం లేక నీలం దారంతో కుట్టుకొచ్చా. యలమంద గారికి చెప్పా గదండీ గేటు కాడ! ఈ పన్నెండూ మీ ప్లాట్‌ఫారం మీద ఆరబోయించండి, కూలి నేనిచ్చుకుంటా, మీ చెవికి గలగలమన్నాకే లోపలికి పంపండి అని. సరే సరే అన్నారు గదండీ."

నాగేంద్రబాబు నా వైపు తిరిగాడు. "చెప్పాడా బాబాయ్?"

"నాకేం చెప్పలేదే" అన్నాను.

ఆదాం నన్ను చూశాడు. ఎదురుగానే నిలబడ్డాడు కాబట్టి ఆ చూపు నాకు బాగానే కనపడింది.

ఇక మీదట ఆదాం కాయ మన గేటు లోపలికి రాకూడదన్నాడు నాగేంద్రబాబు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారులకి కూడా చెప్పేస్తానన్నాడు.

మే 19

నేను అబద్ధం చెప్పలేదు. అతను చెబితే నాకు వినపడేది. వినపడలేదు కాబట్టి చెప్పలేదు. నూటఅరవైలో పదకొండు మార్కులవాణ్ణి నేను.

మీరా హుస్సేన్ ఇవాళ నాతో టీకి రాలేదు.

మే 22

మిట్టమధ్యాహ్నం ఆదాం మా ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, వరండా మెట్టు మీదే కూర్చున్నాడు.

"ఏరువాక పున్నమికి కౌలు మాట్లాడుకోవాలండీ. నీళ్ళు చల్లేవోడికి పొలమియ్యనన్నాడు ఆసామి. పదకొండేళ్ళ నుంచి చేస్తున్న చేనండీ అది. పోయిన సరుకు పోనీండి. మీరొక్క మాట చెబితే నా పేరు నిలబడుద్ది."

"ఏం చెప్పమంటావ్? నువ్వు నాకు చెప్పలేదు గదా!"

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "మీరు మంచోరండీ. ఆ రోజు జనం ఎక్కువ, మర్చిపోయుంటారు. ఒక్కసారి గుర్తు చేసుకోండి" అని లేచాడు. వెంకటరావమ్మ మజ్జిగ తెచ్చేసరికి వెళ్ళిపోయాడు. ఆ గ్లాసు నాకు ఇవ్వకుండా మళ్ళీ లోపలికి తీసుకుపోయింది.

మే 23

డైరీలో మార్చి 9 పేజీ ఉంది. చూడలేదు. చూడాల్సిన పనేముంది?

మే 25

ఉక్కపోత. ఆ పేజీ చూడలేదు.

మే 27

షిరీన్ అన్నట్టే సాయంత్రం వచ్చింది. దీపాలు పెట్టేవేళ. అరుగు మీద కూర్చున్నాం. వీధి లైటు ఆ అమ్మాయి వెనక ఉంది. మొహం ఒక నల్లటి ముద్దలా ఉంది నాకు. ప్రశ్నలు తెలిసినవే గదా, సున్నా, ఒకటి, ఎప్పుడో ఒకసారి అంటూ చెప్పుకుపోయాను. చూస్తే ఆ అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. రాయడం లేదు. వెంకటరావమ్మ భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందనుకున్నాను. నేనూ నవ్వాను.

అప్పుడు ఆవిడ లేచి నా రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి ట్యూబులైటు కింద కూర్చోబెట్టింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. "ఆ పిల్ల ప్రశ్నలాపి, మీకు పిల్లలెంతమంది అనడిగింది. నువ్వు ఎప్పుడో ఒకసారి అన్నావయ్యా" అంది.

నాకు ఇద్దరు కూతుళ్ళు. ఒకతి నరసరావుపేట, ఒకతి ఒంగోలు. సిగ్గుతో చచ్చిపోయాను.

షిరీన్ నా ఎదురుగా వచ్చి కింద కూర్చుంది. "పరీక్ష పెట్టాలని కాదండీ, ఊరికే రెండు మాటలు కలుపుదామని అడిగాను, క్షమించండి" అంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"కంటిచూపు తగ్గినవాళ్ళు చెవుల్ని నమ్ముకుని లాక్కొస్తారండీ. చెవులు తగ్గినవాళ్ళు కళ్ళని నమ్ముకుంటారు. మీరు పగలు మనిషి పెదాలు చూసి వింటున్నారు. సందె పడితే మొహం కనపడదు, దాంతో మాట కూడా పోతుంది. అందుకే రెండూ విడివిడిగా కొలిస్తే మధ్యరకం అని వస్తుంది. కలిపి కొలిస్తే వేరే లెక్క."

మళ్ళీ మొదటినుంచీ అడిగింది. ఈసారి మధ్యమధ్యలో వెంకటరావమ్మ, అది సున్నా కాదమ్మా, మొన్న వంటింట్లో ఏం చేశాడో చెబుతా రాసుకో అంటూ వచ్చింది. ముప్పై తొమ్మిది ప్రశ్నలకి తొంభై నాలుగు వచ్చాయి. తలూపే ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. ఆ అమ్మాయి పట్టుబట్టలేదు. ఆ గడి ఖాళీగా వదిలి, మీరే నింపండి, సోమవారం వచ్చి తీసుకుంటా అని ఫారం నా చేతిలో పెట్టింది.

మే 28

పొద్దున ఎండ బాగా వచ్చాక వరండాలో కూర్చుని ఆ పేజీ తీశాను.

"ఆదాం ఏదో చెప్పాడు, వాన గురించే అయ్యుంటుంది." నా చేతి రాతే. ఎవరూ వచ్చి రాయలేదు. చెప్పాడు అని నేనే రాసుకుని, చెప్పలేదని నలుగురిలో అన్నాను. నేనేం రాశానో తెలిసే పది రోజులు ఈ పేజీ జోలికి పోలేదు.

కళ్ళు బాగుంటే నీలం దారం కనపడేది. ఇదేంటి ఆదాం అని అడిగేవాణ్ణి. చెవులు బాగుంటే దారంతో పనే లేదు, మాటే అందేది. రెండిట్లో ఏ ఒక్కటి సరిగా ఉన్నా ఆ పన్నెండు బస్తాలూ ప్లాట్‌ఫారం మీద ఆరేవి. ఆ రెండూ కాకపోయినా, నోరు బాగానే ఉంది గదా నాకు. వినపళ్ళేదు, మళ్ళీ చెప్పు అనొచ్చు. అనలేదు. అంటే ఏమైపోతుంది? చెవిటివాడు గేటు దగ్గర ఎందుకు అంటారు. ఆ గేటు లేకపోతే యలమంద ఎవరు?

భయంగా ఉంది. నాగేంద్రబాబు తొమ్మిదేళ్ళుగా నా మాట మీద వేల బస్తాలు లోపలికి పంపాడు.

మే 29

వెళ్ళలేదు. చొక్కా కూడా వేసుకున్నాను, వెళ్ళలేదు.

మే 30, ఆదివారం

పదకొండింటికి ఆఫీసు గదిలో నాగేంద్రబాబు ముందు డైరీ, ఫారం రెండూ పెట్టాను. మార్చి 9 పేజీ తీసి చదువుకోమన్నాను. చదివి తలెత్తాడు.

"ఆదాం చెప్పాడు. నాకు వినపళ్ళేదు. వినపడినట్టు తలూపాను. నీళ్ళు చల్లింది అబద్ధం. తప్పంతా నాది" అన్నాను. ఇంటి దగ్గర పదిసార్లు అనుకున్నవే ఆ మాటలు.

"ఎన్నాళ్ళ నుంచి బాబాయ్ ఇట్లా?"

నేను చెప్పేలోపే గుమ్మం దగ్గరున్న మీరా హుస్సేన్ చెప్పాడు. "రెండు సీజన్ల నుంచండీ. ఆయన చూసిన బస్తా నంబరేసేటప్పుడు నేను ఇంకోసారి ఆడించి చూసేవాణ్ణి. ఆ రోజు సాయంత్రం లోపల గదులు సర్దిస్తూ ఉండిపోయా. అందుకే అట్లా అయింది."

రెండు సీజన్లు. నా అనుభవం, నా వేళ్ళూ అని ఇక్కడ రాసుకుంటుంటే, నా వెనక వాడు చెవి దగ్గర కాయలు ఆడించుకుంటున్నాడు. గొణుగుతున్నాడని తిట్టాను వాణ్ణి. ఇవాళ అక్కడే, నాగేంద్రబాబు ముందే, నాకు ఏడుపొచ్చింది.

నాగేంద్రబాబు డైరీ మూసి నా చేతికిచ్చాడు. తర్వాత టేబులు చుట్టూ తిరిగి, కిటికీ వెలుతురు మొహాన పడేట్టు నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "గేటు ఇంక మీరా హుస్సేన్‌ది. నువ్వు పగలు ప్లాట్‌ఫారం మీద ఎండబోసిన కాయ చూడు. అది నీ అంత ఎవరికీ రాదు. యార్డులో నేను చెబుతా. ఆసామి దగ్గరికి మాత్రం నువ్వే పో బాబాయ్, అది నువ్వు చెబితేనే బాగుంటది" అన్నాడు.

మీరా హుస్సేన్ బండి మీదే వెళ్ళాం. ముందు ఆదాం ఇంటికి. ఎద్దులకి కుడితి పెడుతున్నాడు. ఎండలో ఎదురుగా నిలబడి చెప్పాను. ఆఫీసులో చెప్పిన మాటలే చెప్పాను. ఆదాం కుడితి చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"ఆ రోజే వినపళ్ళేదు అంటే ఇంకోసారి చెప్పేవోణ్ణి గదండీ" అన్నాడు. "కావాలంటే పదిసార్లు చెప్పేవోణ్ణి. నాకేం పోద్ది?"

అంతే అన్నాడు. కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు. తర్వాత ముగ్గురం కలిసి ఆసామి ఇంటికి వెళ్ళాం. ఆయన డైరీ అంతా తిరగేసి, మా ఆవిడ మాటలు తగ్గించిందని రాసిన చోట నవ్వాడు కూడా. నవ్వితే నవ్వనీ. చదవమని ఇచ్చింది నేనే.

ఇంటికొచ్చి ఫారంలో ఖాళీ గడి నింపాను. నాలుగు.

మే 31

షిరీన్ ఫారం తీసుకుంది. నేను నింపిన గడి కలుపుకుని తొంభై ఎనిమిది అని రాసుకుంది. చెవికి మిషను రాయిస్తానంది, చీకట్లో తెలిసేట్టు మెట్ల అంచులకి తెల్ల గీతలు కొట్టించుకోమంది. రెండుసార్లు చెప్పించుకున్నాను.

జూన్ 3, ఏరువాక పున్నమి

ఆదాంకి కౌలు ఖాయమైంది. పొద్దున అతని చేలో అరక కడితే వెళ్ళి చూసొచ్చాను. పిలవలేదు, నేనే వెళ్ళాను. పలకరించాడు. మునుపటిలా కాదు. దానికి కొంత కాలం పడుతుంది, పట్టనీ.

సందెవేళ అరుగు మీద ఉండగా వెంకటరావమ్మ ఏదో అంది. నోట్లో "సరే" వరకూ వచ్చింది. మింగేశాను.

"వినపళ్ళేదు. లోపల లైటు కిందికి పద, చెప్దువుగాని."

ఆవిడ లేచి వచ్చి ట్యూబులైటు కింద నా ఎదురుగా పీట వేసుకుంది. అన్నది పెద్ద మాటేం కాదు, రేపు పప్పు ఏం వండను అని. నేను, సాయంత్రాలు ఎందుకు మాట్లాడటం మానేశావ్ అనడిగాను.

"రెండేళ్ళ నాడు మా అమ్మ పోతే వెళ్ళి వచ్చాక, ఆ అరుగు మీదే కూర్చుని నీకు చెప్పుకున్నా" అంది. "ఆఖరి గంటలో నా చెయ్యి పట్టుకుని ఏమందో, నేనెంత పొరపాటు చేశానో, అంతా. చీకట్లో గంటసేపు ఏడ్చా. నువ్వు సరే సరే అని లేచి భోజనానికి వెళ్ళావు. ఇంక ఆ రోజు నుంచి ఎందుకులే అని మానేశా."

నాకు ఆ రోజు గుర్తే లేదు. నాకు తెలిస్తే గదా గుర్తుండటానికి. ఇన్నాళ్ళ నా ప్రశాంతత అదన్నమాట.

"మళ్ళీ చెప్పు" అన్నాను. "మొదటినుంచీ చెప్పు. నా వంక చూస్తూ చెప్పు."

చెప్పింది. అందని చోటల్లా ఆపి అడిగాను. కొన్ని మాటలు మూడేసిసార్లు చెప్పాల్సొచ్చింది. ఆవిడ ఒక్కసారి కూడా విసుక్కోలేదు.